పాత గుమ్మాలతో బీరపందిరి: కాళ్ళు మట్టిలో పాతకుండా ఎలా కట్టాలి

మా పెద్దమ్మ వాళ్ళ పెంకుటిల్లు పడగొట్టేటప్పుడు నేను అక్కడే ఉన్నా. కోనసీమలో అలాంటి మండువా ఇళ్ళు ఒక్కోటీ పోతున్నాయి, వాటి జాగాలో డాబాలు లేస్తున్నాయి, కలపేమో పాత సామాను లారీ ఎక్కేస్తోంది. లారీ అతను మా పెదనాన్నతో బేరం ఆడుతుండగానే నేను రెండు ద్వారబంధాలూ, ఒక తలుపు రెక్కా, ఓ పది వాసాలూ పక్కకి లాగేసి పెట్టుకున్నా. ఏం చేస్తానో అప్పటికి నాకే తెలీదు. ఇప్పుడవి మా పెరట్లో 8 అడుగులు బై 6 అడుగుల పందిరై నిలబడ్డాయి, దాని మీద ఈ ఏడు బీర, సొర రెండూ పాకాయి.

ఇది రెండో పందిరి లెండి. మొదటిది పడిపోయింది. అదెందుకు పడిందో చెప్తే సగం పని చెప్పేసినట్టే కాబట్టి ముందు అదే చెప్తా.

మొదట నేనూ అందరిలాగే నాలుగు సరుగుడు కర్రలు తెచ్చి రెండేసి అడుగుల గుంట తీసి పాతేసి, పైన తాళ్ళు కట్టేశా. మొదటి ఏడు బ్రహ్మాండం. రెండో ఏడు మే నెలలో ఓ రాత్రి గాలివాన వచ్చింది, సొరతీగ నిండా కాయలున్నాయి, పొద్దున లేచి చూస్తే పందిరి మొత్తం ఓ పక్కకి పడుకుని ఉంది. కర్రలు పైకి లాగి చూశా. పైభాగం గట్టిగానే ఉంది, మట్టి లోపలి అడుగుభాగం కూడా పర్లేదు, సరిగ్గా నేలమట్టం దగ్గర మాత్రం చెరుకు నమిలి పడేసినట్టు పిప్పైపోయి ఉంది. మా వీధి చివర ఆచారిగారికి చూపిస్తే నవ్వి, "కర్ర చచ్చేది అక్కడే అబ్బాయ్, పైన ఎండ కాపాడుద్ది, లోపల గాలాడదు, ఆ మధ్యలో తడీ ఉంటది గాలీ ఉంటది, ఇంక చెదలకి పెళ్ళే" అన్నారు. ఏ చెక్కైనా అంతే, బూజు పట్టి కుళ్ళాలన్నా తడి, గాలి రెండూ కలవాలి, ఆ రెండూ కలిసేది నేల అంచునే. అందుకని ఈసారి ఒట్టు పెట్టుకున్నా, చెక్క మట్టిని తాకకూడదు అని.

సరే, ఇక కలప సంగతి.

పాత ఇంటి కలపలో మనకి పనికొచ్చేవి ద్వారబంధాల నిలువు కమ్ములు, కిటికీ చట్రాలు, వాసాలు, దూలాలు. ద్వారబంధం సాధారణంగా 5 అంగుళాలు బై 3 లేదా 4 బై 3 ఉంటుంది, పందిరి గుంజకి ఇంతకన్నా బాగా నప్పేది ఇంకోటి దొరకదు. ఇల్లు పడగొడుతున్న చోట నేరుగా కొనుక్కుంటే చవక, పాత కలప అడితీలో ఐతే ఘనపు అడుగుల లెక్కన అమ్ముతారు. ఆ లెక్క మనం కూడా నేర్చుకుని వెళ్ళాలి, లేకపోతే వాళ్ళు చెప్పిందే లెక్క. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో, మూడూ గుణించి 144తో భాగించడమే. 5 బై 3 కమ్మి 7 అడుగులుంటే 105 బై 144, అంటే 0.73 ఘనపు అడుగు. ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి వాడి ముందే కొట్టండి, బేరం దానంతటదే తగ్గుతుంది.

టేకో కాదో ఎలా తెలుస్తుందంటే, పైనున్న రంగు నమ్మొద్దు, ఓ మూల చిన్నగా చిత్రిక పట్టించి వాసన చూడండి. టేకుకి కొత్త తోలు చెప్పుల్లాంటి ఓ ఘాటు వాసన ఉంటుంది, చెయ్యి కొంచెం జిడ్డుగా తగులుతుంది, వందేళ్ళ నాటిదైనా సరే. మద్దీ వేగిసా ఐతే ఇంకా బరువుగా ఉంటాయి, అవీ మంచివే, కానీ రంపం ఏడుస్తుంది. మామిడి చెక్క బయట పెట్టే పనికి అస్సలు వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు. తాటి వాసాలు దొరికితే కోసిన చివర చూడండి, నల్లటి పీచు దట్టంగా ఉన్న వైపు ఇనుములా ఉంటుంది, లోపలివైపు తెల్లగా బెండులా ఉంటే ఆ భాగం చెదలకి భోజనం. తాటి చెక్కతో పని చేసేటప్పుడు మాత్రం గ్లోవ్స్ లేకుండా చెయ్యి పెట్టకండి, ఆ పేడు గుచ్చుకుంటే సూదితో కూడా రాదు, నాకు బొటనవేలు వారం రోజులు వాచింది.

పుచ్చు కనిపెట్టడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. సుత్తితో తట్టుకుంటూ పోండి, ఖంగుమంటే మంచిది, డబ్‌డబ్ అని పగిలిన కుండలా మోగితే లోపల ఖాళీ. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ పెట్టి గట్టిగా నొక్కండి, అర అంగుళం దిగిపోతే ఆ ముక్క కోసి పడేయాల్సిందే. గుండుసూది తలకాయంత కన్నాలుండి కింద పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉన్నట్టు, ఆ చెక్కని మిగతావాటితో కలిపి పేర్చొద్దు. మే ఎండలో నల్ల ప్లాస్టిక్ పట్టాలో చుట్టి సిమెంటు గచ్చు మీద వారం పాటు పడేస్తే పల్చటి పలకల్లో పురుగు చస్తుంది, లావుపాటి దూలాలకి మాత్రం ఆ వేడి మధ్యదాకా చేరదు, వాటిని ఒదిలేయడమే మంచిది.

తెచ్చుకోకూడనివి కూడా ఉన్నాయి, ఇవి కొంచెం సీరియస్‌గా చదవండి. పాత రైల్వే స్లీపర్ చెక్కలు చూడ్డానికి ఏనుగుల్లా ఉంటాయి, వాటిని క్రియోసోట్ అనే తారు నూనెలో నానబెట్టి ఉంటారు, కూరగాయల పక్కన దాని పేరెత్తొద్దు. పాత సిమెంటు రేకులు మన దగ్గర ఆస్‌బెస్టాస్‌తో చేసినవే, ఉన్నవి ఉన్నచోట ఉంటే ఉండనివ్వండి కానీ మడికట్టు కోసమని వాటిని కొయ్యడం, డ్రిల్ పెట్టడం చేస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఇంక బయటికి రాదు. మూడోది పాత రంగు. ఇళ్ళకేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 మించకూడదన్న రూల్ మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది, అంటే మీ తాతగారి ఆకుపచ్చ తలుపు మీద పొరలు పొరలుగా ఉన్న రంగులో సీసం ఉందనే అనుకోవాలి. దాన్ని పొడిగా ఉన్నప్పుడు మిషన్‌తో శాండింగ్ చేస్తే ఇంటిల్లిపాదీ ఆ దుమ్ము పీలుస్తారు. నీళ్ళు చల్లి, తడిపి, రేకుతో గీకి, ఆ పెచ్చులన్నీ కింద పరిచిన పట్టాలోనే పోగుచేసి మూటకట్టి పారేయండి, పెరట్లో మట్టిలో కలపొద్దు, మంటలో అసలే వెయ్యొద్దు. చిన్నపిల్లలుంటే ఆ రోజు వాళ్ళని అమ్మమ్మగారింటికి పంపేయండి.

ఇక మేకులు. ముందుంది ముసళ్ళ పండగ అంటే ఇదే, నాకు మొత్తం పందిరి కట్టడానికి పట్టింది మూడు రోజులైతే మేకులు పీకడానికే రెండు ఆదివారాలు పట్టింది. మొన వైపు నుంచి సుత్తితో కొడితే తలకాయ అవతలికి లేస్తుంది, అప్పుడు సుత్తి పంజాకి కింద చిన్న చెక్కముక్క ఎత్తు పెట్టి లాగాలి, ఆ ముక్క పెట్టకపోతే మంచి కలప మీద సొట్ట పడుతుంది, పైగా బలం కూడా చాలదు. తుప్పుపట్టి తల తెగిపోయినదాన్ని పట్టకారుతో పట్టుకుని ముందు కొంచెం తిప్పండి, కదిలాక లాగండి, అప్పటికీ రాకపోతే అవతలికి దించేయండి. కంటికి కనపడకుండా లోపలుండిపోయిన మేకు రంపం పళ్ళు ఊడగొడుతుంది, దానికి ఓ చిట్కా, పాడైపోయిన స్పీకర్ లోంచి అయస్కాంతం తీసి దారం కట్టి చెక్క పొడుగునా మెల్లగా వేలాడదీస్తూ పోండి, మేకున్న చోట అటు లాగుతుంది. తుప్పు మేకు గుచ్చుకుంటే పసుపు పెట్టి ఊరుకోకుండా టీటీ ఇంజెక్షన్ చేయించుకోండి.

అన్నీ శుభ్రం చేశాక పొడవుల వారీగా నేల మీద పరిచి అప్పుడు కొలతలు వెయ్యండి. నేను ముందే కాగితం మీద 10 బై 8 పందిరి గీసుకున్నా, తీరా చూస్తే చివర్లు పుచ్చుపోయినవి కోసేసరికి పొడవైన వాసాలు 9 అడుగులే మిగిలాయి, ఇంక పందిరే 8 బై 6 అయ్యింది. అదీ మంచికే జరిగింది, ఎందుకో ఇప్పుడు చెప్తా.

నాలుగు గుంజలూ వచ్చే చోట నేలలో మేకులు కొట్టి తాడు లాగినప్పుడు మూలలు సరిగ్గా మూలమట్టానికి రావాలి కదా. 6, 8 భుజాలైతే ఐమూల కొలత సరిగ్గా 10 అడుగులు రావాలి, రెండు ఐమూలలూ 10 వస్తే ఇంక కళ్ళు మూసుకుని గుంటలు తీసేయొచ్చు. మేస్త్రీలు 3, 4, 5 అని కొలిచేది ఇదే లెక్క, మనది దానికి రెట్టింపు.

గుంట ఒక్కోటి అడుగు బై అడుగు, లోతు అడుగున్నర. గుంజ అందులోకి దిగదు, దిగేది ఇనుప చెప్పు. నేను దాన్ని 'చెప్పు' అనే అంటున్నా, వెల్డింగ్ షాపతను కూడా అదే అన్నాడు. 2 అంగుళాల వెడల్పు, 6 ఎంఎం మందం ఉన్న ఇనుప పట్టీని గుంజ మందానికి సరిపడా, అంటే 3 అంగుళాల సందు ఉండేట్టు యు ఆకారంలో వంచి, అడుగున ఓ అడుగు పొడవు 16 ఎంఎం ఊచ ముక్క అతికించమనండి, పక్కలకి రెండేసి బోల్టు కన్నాలు పెట్టించండి. రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు కొట్టాక ఊచ భాగం కాంక్రీటులో దించేయాలి. కాంక్రీటు 1:2:4 పాళ్ళలో (సిమెంటు, ఇసుక, కంకర), నాలుగు గుంటలకీ కలిపి ఓ 50 కిలోల బస్తా సిమెంటు కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. రెండు విషయాలు మర్చిపోవద్దు, ఒకటి కాంక్రీటు పైభాగం నేలకి ఒక అంగుళం ఎత్తులో ఉండి నాలుగు పక్కలకీ వాలుగా ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. రెండోది, నాలుగు చెప్పులూ ఒకే మట్టానికి రావాలి, దానికి పారదర్శక ట్యూబులో నీళ్ళు పోసి చూసే పాత పద్ధతే బెస్టు. వారం రోజులు తడి గోనె కప్పి ఉంచండి, ఈలోపు చెక్క పని చేసుకోవచ్చు.

గుంజ చెప్పులో కూర్చున్నాక అడుగు నేలకి కనీసం రెండు అంగుళాల పైన ఉండాలి. గుంజ అడుగు కోత ఉంటుంది చూడండి, చెక్క నీళ్ళు తాగేది అక్కడినుంచే, గడ్డిపరకల కట్టలాగా ఉంటుంది దాని నిర్మాణం, అందుకని ఆ కోతని మాత్రం నూనెలో ఓ రాత్రంతా నిలబెట్టి ఉంచండి.

నూనె అంటే అవిసె నూనె, షాపులో లిన్సీడ్ ఆయిల్ అంటే ఇస్తారు. మొదటి కోటుకి టర్పెంటైన్ సగానికి సగం కలిపితే లోపలికి దిగుతుంది, తర్వాతవి చిక్కగా. దీంతో ఓ ప్రమాదం ఉంది, పూసిన గుడ్డపీలికల్ని ఉండచుట్టి మూల పడేస్తే ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. ఒట్టి కబురు కాదు, నిజంగా మంట లేస్తుంది. విప్పి తీగ మీద ఆరేయండి, లేకపోతే నీళ్ళ బకెట్లో పడేయండి. పలాస వైపు వాళ్ళు ఐతే జీడిపిక్కల తొక్క నూనె వాడతారు, పడవలకి పూసేది, చెదలకి గట్టి మందే కానీ చర్మం మీద పడితే బొబ్బలెక్కిపోతుంది, మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పను. మెకానిక్ షెడ్డు నుంచి వాడేసిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి పూసేవాళ్ళున్నారు, అది వానకి కారి మట్టిలోకి, అక్కడినుంచి మనం తినే బీరకాయ వేళ్ళ దగ్గరికి పోతుంది, వద్దు బాబూ.

ఇంక పైచట్రం. గుంజలు ఆరున్నర అడుగులు, దాని మీద 4 అంగుళాల దూలం వస్తే మొత్తం దాదాపు 7 అడుగులు అవుతుంది, సొరకాయ వేలాడినా తలకి తగలకుండా ఉండాలంటే ఇంతకన్నా తగ్గించొద్దు, మరీ ఎత్తైతే కోతకి నిచ్చెన కావాలి. 8 అడుగుల వైపు రెండు దూలాలు 9 అడుగులవి వేసి చివరలు ఆరేసి అంగుళాలు బయటికి వదిలా. గుంజ తలలో దూలం కూర్చునేట్టు సగం మందం గాడి కోసి, 10 ఎంఎం జీఐ (జింకు పూత వేసిన ఇనుము) బోల్టు వాషర్‌తో సహా బిగించాలి. మేకు కొట్టడం సులువే కానీ పాత టేకు ఎండి రాయైపోయి ఉంటుంది, మేకు దిగకుండా వంగుతుంది, లేదా చెక్క నిలువునా చీలుతుంది. స్క్రూ వేసినా సరే, 4 ఎంఎం స్క్రూకి ముందు 3 ఎంఎం కన్నం వేసి, మరకి కాస్త బట్టల సబ్బు రాసి తిప్పండి, వెన్నలా వెళ్తుంది. దూలాల మీద అడ్డంగా వాసాలు రెండేసి అడుగులకి ఒకటి.

అందరూ మర్చిపోయేది ఏటవాలు బద్దలు. ఖాళీ పందిరి గాలికి అడ్డం రాదు, ఆకు కమ్ముకున్న పందిరి తెరచాపే. ప్రతి మూలలోనూ గుంజకీ దూలానికీ మధ్య అడుగున్నర పొడవు బద్ద 45 డిగ్రీల వాలులో రెండు వైపులా పెట్టాలి, అంటే మొత్తం 8. కిటికీ చట్రాల ముక్కలు దీనికి సరిగ్గా సరిపోతాయి. ఇవి లేకుండా పందిరిని చేత్తో ఊపి చూడండి, పెట్టాక మళ్ళీ ఊపండి, మీకే తెలుస్తుంది.

పైన అల్లికకి జీఐ తీగ 14 గేజ్ పొడవునా అడుగుకొకటి లాగి, అడ్డంగా కొబ్బరితాడు కట్టా. నైలాన్ తాడు ఎండకి పొడైపోయి మట్టిలో పీచు పీచుగా మిగులుతుంది. కొబ్బరితాడైతే పంట అయ్యాక తీగతో సహా కోసి కంపోస్టులో పడేయొచ్చు, విప్పే పని లేదు.

రెండో ద్వారబంధం గడప మిగిలింది, 4 అడుగుల టేకు, నడిచి నడిచి మధ్యలో అరిగి గిన్నెలా ఉంది. దాంతో చెట్టుకింద బెంచీ చేద్దామనుకున్నా. మా అమ్మ ఒప్పుకోలేదు, "గడప మీద కూర్చోకూడదని చిన్నప్పటినుంచి చెప్తుంటే దాన్నే బెంచీ చేస్తావేంట్రా" అంది. పెద్దమ్మకి ఫోన్ చేస్తే ఆవిడా అదే మాట. చివరికి పందిరిలోకి వెళ్ళే వైపు పైన దూలానికి కమ్మిలా బిగించేశా, నూనె పూసినా పసుపు మరక ఇంకా పోలేదు. బెంచీకి తలుపు రెక్కే వాడా. రెక్కకి బందులూ గొళ్ళెం ఊడదీసి, పలకల మధ్య సందుల్లో నీళ్ళు నిలవకుండా అక్కడక్కడా కన్నాలు వేసి, రెండు ఇటుకల దిమ్మల మీద పెట్టేయడమే, దాంట్లో చెప్పడానికేం లేదు. ఒక్కటే, రంగు మొత్తం తీసేశాకే కూర్చోండి.

మిగిలిన పని కంపోస్టు పెట్టె. దీనికి మంచి కలప తగలెయ్యొద్దు, ప్యాలెట్లు చాలు, అంటే సరుకు పేర్చి రవాణా చేసే చెక్క చట్రాలు, కాకినాడ, విశాఖ లాంటి పోర్టు ఊళ్ళలో పాత సామాను షాపుల్లో దొరుకుతాయి. కొనేముందు పక్కన కాల్చి వేసిన ముద్ర చూడండి, గోధుమ వెన్ను బొమ్మ పక్కన దేశం కోడ్, తర్వాత హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, చెక్క మధ్యభాగం 56 డిగ్రీల్లో అరగంట ఉంచుతారు, భయం లేదు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించింది, అది ముట్టుకోవద్దు. అసలు ముద్రే లేకుండా నూనె మరకలో, రసాయనం వాసనో ఉంటే అదీ వద్దు. మూడు ప్యాలెట్లు ఇటుకల మీద నిలబెట్టి మూలల్లో తీగతో కట్టేసి, నాలుగోది ముందు తలుపులా వదులుగా పెట్టండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉంటేనే లోపల వేడి పుడుతుంది, చిన్న పెట్టెలో చెత్త చెత్తలాగే ఉంటుంది. ప్యాలెట్లో ఉండేది ఎక్కువగా పైన్, రెండు మూడేళ్ళకి అదే కంపోస్టైపోతుంది, బాధపడకండి.

హైదరాబాద్‌లో మా తమ్ముడు ఇదంతా చూసి మిద్దె మీద కడతానన్నాడు. పందిరి వరకూ పర్లేదు, కాంక్రీటు గుంటల బదులు నూనె డబ్బాల్లో కాంక్రీటు పోసి చెప్పులు దించి వాటిని పిట్టగోడ వెంట పెట్టి, గోడకి కట్టేయాలి. కానీ వాడు పాత దూలాలతో పెద్ద మడి కట్టి అడుగు మందాన మట్టి పోస్తానన్నాడు, అక్కడే ఆపా. ఇళ్ళ మీద మనుషులు తిరిగే కప్పుకి ఇంజినీర్లు లెక్కేసేది చదరపు మీటరుకి ఓ 150 కిలోలు. తడి మట్టి అడుగు మందం పోస్తే అదే చదరపు మీటరు మీద 500 కిలోలు దాకా పడుతుంది. ఆ బరువుని బీముల మీదా గోడల మీదా వచ్చేట్టు పక్కలకి సర్ది, మట్టిలో సగం కొబ్బరిపొట్టు కలిపి, ఇంజినీరుకి చూపించాకే ముందుకెళ్ళమన్నా. వాడు అలిగాడు, తర్వాత డబ్బాలు కొన్నాడు.

మెయింటెనెన్స్ అంటే ఏడాదికి ఒక్క రోజు. ఏప్రిల్‌లో పాత తీగ కోసేశాక పందిరి ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు బోల్టులన్నీ ఒక్కో చుట్టు బిగించండి, ఎండకి చెక్క కుంచించుకుని వదులౌతాయి. ఇనుప చెప్పు దగ్గర మట్టి పేరుకుని గుంజని తాకుతుంటే పారతో లాగేయండి, మట్టి గూళ్ళు పాకుతున్నాయేమో వంగి చూడండి, చెద దారి కనిపిస్తే చీపురుతో తుడిచేయండి, కాంక్రీటు తెల్లగా బోడిగా ఉంటుంది కాబట్టి దాని మీద ఆ దారి దాక్కోలేదు. ఒక కోటు నూనె. జూన్‌లో తొలకరి పడగానే గుంజకి రెండు అడుగుల దూరంలో గింజ పెట్టండి, గుంజ మొదట్లో కాదు, నీళ్ళు పోసినప్పుడల్లా చెక్క తడవకూడదు, తీగని తాడు కట్టి పైకి ఎక్కించుకోవచ్చు.